హారిజాంటల్, వర్టికల్: మాటలు రెండే, ఒక్కో పుస్తకంలో ఒక్కో అర్థం

రాత్రి భోజనాలయ్యాయి. దస్తర్‌ఖాన్ తీసేసిన చోటే నలుగురు పిల్లలు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. ఇలాంటి ఇల్లు మన పేటల్లో వీధికొకటి ఉంటుంది. చిన్నవాడిది పదో తరగతి, చేతిలో లెక్కల పుస్తకం. వాడి పై అమ్మాయి ఇంటర్ బైపీసీ. ఆ పైన భాయ్, బీకాం రెండో సంవత్సరం. అందరికంటే పెద్ద ఆపా డిగ్రీ పూర్తి చేసి గ్రూప్-2కి చదువుతోంది.

నలుగురి పుస్తకాల్లోనూ ఒకే రెండు మాటలు కనబడతాయి: హారిజాంటల్, వర్టికల్.

"ఆపా, హారిజాంటల్ అంటే అడ్డం, వర్టికల్ అంటే నిలువు కదా. మరి నీ పుస్తకంలో రిజర్వేషన్‌కి అడ్డం, నిలువు ఏంటి?" అని తమ్ముడు అడుగుతాడు. ఆపా చెప్పబోతుంది. మధ్యలో భాయ్ అందుకుని "మా అకౌంట్స్‌లో వేరే ఉంది" అంటాడు. బైపీసీ అమ్మాయి "మా జువాలజీలో రోగాలకి కూడా ఉంది" అంటుంది. అబ్బా నవ్వి ఊరుకుంటాడు.

అయితే ఇది నవ్వి ఊరుకునే ప్రశ్న కాదు. ఈ రెండు మాటల్ని ఒక పుస్తకంలో అర్థం చేసుకున్నట్టే ఇంకో పుస్తకంలోనూ అర్థం చేసుకుంటే తమ్ముడికి మార్కులు పోతాయి. అబ్బాకి కొట్టులో డబ్బు ఎక్కడ పోతోందో తెలియదు. ఆపాకైతే ఉద్యోగం ఎందుకు వచ్చిందో, ఎందుకు రాలేదో కూడా అర్థం కాదు. అందుకే ఒక్కో పుస్తకం తెరిచి చూద్దాం.

మాట ఎక్కడిది?

హారిజాన్ అంటే భూమి, ఆకాశం కలిసినట్టు కనబడే గీత. మైదానంలో నిలబడి దూరంగా చూస్తే చూపు ఆగిపోయే చోటు. తెలుగులో దాన్ని క్షితిజం అంటారు. ఆ గీత వెంట పడుకున్నట్టు ఉండేది హారిజాంటల్. అందుకే సైన్సు పుస్తకాల్లో 'క్షితిజ సమాంతరం' అని రాస్తారు. వర్టికల్ అనే మాట లాటిన్‌లోని వర్టెక్స్ నుంచి వచ్చింది. వర్టెక్స్ అంటే నడినెత్తి. సూటిగా నెత్తి మీదకి లేచేది వర్టికల్.

ఉర్దూ మీడియంలో చదివిన పెద్దవాళ్లకి ఇవే మాటలు ఉఫుఖీ, అమూదీ అని గుర్తుంటాయి. ఉఫుఖ్ అంటే క్షితిజమే. అమూద్ అంటే స్తంభం. మూడు భాషలు చూపించే బొమ్మ ఒకటే: పడుకున్న గీత ఒకటి, నిలబడ్డ స్తంభం ఒకటి. ఈ బొమ్మని గుర్తు పెట్టుకుంటే చాలు, ముందు ముందు పనికొస్తుంది.

మేస్త్రీ గోడ, తమ్ముడి గ్రాఫు

ఇల్లు కట్టే మేస్త్రీ దారానికి గుండు కట్టి వేలాడదీస్తాడు. దారం ఎటు లాగితే అదే నిలువు. నేల సమంగా ఉందో లేదో రసమట్టం పెట్టి చూస్తాడు. బుడగ మధ్యలో ఆగితే అదే అడ్డం. ఇక్కడ నిలువుని తేల్చేది భూమి ఆకర్షణ. గుండు ఎప్పుడూ భూమి నడిబొడ్డు వైపే లాగుతుంది. కాబట్టి కర్నూలులో మేస్త్రీ దారం, విశాఖలో మేస్త్రీ దారం కచ్చితంగా సమాంతరం కావు. రెండూ కిందికి పొడిగిస్తే భూకేంద్రం దగ్గర కలుస్తాయి. ఎవరి ఊళ్లో వాళ్ల నిలువు వాళ్లదే.

గ్రాఫు కాగితం సంగతి వేరు. నోట్‌బుక్ చాప మీద పెట్టి గీస్తే ఎక్స్ అక్షం, వై అక్షం రెండూ నేల మీద పడుకునే ఉంటాయి. అయినా వై అక్షాన్ని నిలువు అంటాం. ఎందుకంటే అక్కడ నిలువు అనేది భూమి ఇచ్చింది కాదు, మనం పెట్టుకున్న ఒప్పందం.

పదో తరగతి పిల్లలు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. 'ఎక్స్ = 3' గీత గీయమంటే, ఎక్స్ అక్షం అడ్డంగా ఉంది కాబట్టి ఈ గీత కూడా అడ్డమే అనుకుని గీసేస్తారు. నిజానికి అది నిలువు గీత. ఆ గీత మీద ఎక్కడ చుక్క పెట్టినా ఎక్స్ విలువ 3గానే ఉంటుంది, మారేది వై మాత్రమే. అలాగే 'వై = 3' అడ్డగీత. అడ్డగీత వాలు సున్నా. నిలువు గీతకి వాలు చెప్పలేం, అది నిర్వచితం కాదు. కాబట్టి ఏ గీతలోనైనా చూడాల్సింది ఏది మారకుండా ఉంది, ఏది మారుతోంది అని. ఇదే ప్రశ్న భాయ్ అకౌంట్స్‌లోనూ, ఆపా రిజర్వేషన్‌లోనూ మళ్లీ వస్తుంది.

ఫిజిక్సులో ఈ రెండు దిక్కులకి ఇంకో సంబంధం ఉంది. 20 మీటర్ల ఎత్తు మేడ మీంచి ఒక బంతిని ఊరికే వదిలారు. అదే క్షణంలో ఇంకో బంతిని అడ్డంగా గట్టిగా విసిరారు. ఏది ముందు నేల తాకుతుంది? గాలి అడ్డుని పక్కన పెడితే రెండూ ఒకేసారి, సుమారు 2 సెకన్లలో. విసిరిన బంతి దూరంగా పడుతుంది గానీ ఆలస్యంగా పడదు. అడ్డంగా వెళ్లే వేగం నిలువుగా పడే వేగాన్ని ముట్టుకోదు. రెండు లెక్కలూ విడివిడిగా చేసి చివర్లో కలపాలి.

బైపీసీ: తల్లి నుంచి బిడ్డకి, మనిషి నుంచి మనిషికి

జీవశాస్త్రంలో గీతలు లేవు. అక్కడ నిలువు అంటే తరం నుంచి తరానికి. వంశవృక్షం బొమ్మ గుర్తు తెచ్చుకోండి. దాదా పైన, అబ్బా మధ్యలో, పిల్లలు కింద. పైనుంచి కిందికి దిగేది వర్టికల్. పక్కపక్కన ఉన్నవాళ్ల మధ్య పాకేది హారిజాంటల్.

గర్భంలో ఉండగా గానీ, కాన్పు సమయంలో గానీ, పాల ద్వారా గానీ తల్లి నుంచి బిడ్డకి వచ్చే ఇన్‌ఫెక్షన్‌ని వర్టికల్ వ్యాప్తి అంటారు. హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి అలా రాగలవు. అవే జబ్బులు రక్తం ద్వారానో, ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడటం ద్వారానో వస్తే అది హారిజాంటల్. జబ్బు ఒకటే, దారులు రెండు. కాబట్టి ఆపే పద్ధతులు కూడా రెండు.

నిలువు దారిని ఆపడానికే గర్భిణులకి మొదటి చెకప్‌లోనే ఈ పరీక్షలు చేయించమంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏ చికిత్సా లేకపోతే తల్లి నుంచి బిడ్డకి హెచ్‌ఐవీ వచ్చే అవకాశం 15 నుంచి 45 శాతం. సరైన సమయంలో మందులు వాడితే అది 5 శాతం లోపుకి దిగుతుంది. హెపటైటిస్-బి టీకా మొదటి డోసు బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు వేయమనేది కూడా ఇందుకే. కాన్పు ఇంట్లో జరిగినా, హడావుడిలో ఉన్నా ఆ 24 గంటలు మరిచిపోకూడదు. పరీక్ష చేయించమన్నారని కోడలిని అనుమానంగా చూడాల్సిన పని లేదు. ఆ పరీక్ష అందరికీ చేస్తారు.

బాక్టీరియాలో ఇంకో వింత ఉంది. మనుషుల్లో జన్యువులు తల్లిదండ్రుల నుంచి పిల్లలకే దిగుతాయి. బాక్టీరియా మాత్రం పక్కనున్న వేరే బాక్టీరియాకి కూడా జన్యువులు ఇచ్చేయగలవు. దీన్ని హారిజాంటల్ జీన్ ట్రాన్స్‌ఫర్ అంటారు. 1928లో గ్రిఫిత్ ఎలుకల మీద చేసిన ప్రయోగం ఇంటర్ పుస్తకంలో ఉంటుంది. చనిపోయిన ప్రమాదకర బాక్టీరియా నుంచి ఆ గుణం బతికున్న హాని లేని బాక్టీరియాకి వెళ్లిందని తేలింది అందులోనే. యాంటీబయాటిక్‌ని తట్టుకునే గుణం కూడా ఇలా పక్కకి పాకుతుంది. డాక్టర్ చీటీ లేకుండా మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ వాడొద్దని చెప్పడానికి ఇదొక కారణం.

బీకాం: అబ్బా కొట్టు లెక్క

ఇప్పుడు భాయ్ పుస్తకం. అబ్బాకి ఒక బేకరీ ఉందనుకుందాం. పోయినేడు అమ్మకాలు 10 లక్షలు, అద్దె లక్ష, పనివాళ్ల జీతాలు 2 లక్షలు. ఈ ఏడు అమ్మకాలు 12 లక్షలు, అద్దె లక్షన్నర, జీతాలు 2 లక్షల 40 వేలు.

హారిజాంటల్ అనాలిసిస్ అంటే ఒకే ఖాతాని ఏడాది నుంచి ఏడాదికి పోల్చడం. అమ్మకాలు 20 శాతం పెరిగాయి. జీతాలు కూడా 20 శాతమే పెరిగాయి. అద్దె మాత్రం 50 శాతం పెరిగింది.

వర్టికల్ అనాలిసిస్ అంటే ఒకే ఏడాదిలో పైనుంచి కిందికి చూడటం. అమ్మకాల్ని 100 అనుకుని, మిగతావన్నీ అందులో ఎంత శాతమో లెక్కగట్టాలి. బ్యాలెన్స్ షీటు అయితే మొత్తం ఆస్తుల్ని 100 అనుకోవాలి. అద్దె పోయినేడు అమ్మకాల్లో 10 శాతం, ఈ ఏడు 12.5 శాతం. జీతాలు అప్పుడూ 20 శాతమే, ఇప్పుడూ 20 శాతమే.

అమ్మకాలు పెరిగినా చేతిలో మిగిలేది ఆశించినంత పెరగలేదెందుకని అబ్బా కంగారు పడుతూ ఉంటే, "పనివాళ్లకి ఎక్కువ ఇస్తున్నాం" అని ఇంట్లో అందరూ అనుకోవచ్చు. రెండు లెక్కలూ పక్కపక్కన పెడితే పనివాళ్ల తప్పేం లేదని, కొట్టు యజమానితో అద్దె గురించి మాట్లాడాలని తెలిసిపోతుంది. ఒక్క లెక్కే చేస్తే సగం నిజమే కనబడుతుంది.

వ్యాపారం పెంచుకోవడంలోనూ ఇవే మాటలు. అబ్బా పక్క వీధిలో ఇంకో బేకరీ కొంటే అది హారిజాంటల్. ఎందుకంటే అదే పని, అదే మెట్టు. సొంతంగా పిండి మిల్లు పెట్టుకుంటే వర్టికల్, అంటే సరుకు వచ్చే దారిలో ఒక మెట్టు వెనక్కి వెళ్లినట్టు. తన ఉస్మానియా బిస్కెట్లు అమ్ముకోవడానికి తనే చాయ్ హోటల్ తెరిస్తే అదీ వర్టికలే, ఈసారి గిరాకీ వైపు ఒక మెట్టు ముందుకి. పెద్ద కంపెనీల్లో చూస్తే 2023లో పీవీఆర్, ఐనాక్స్ థియేటర్ కంపెనీలు కలిసిపోవడం హారిజాంటల్. బట్టల వ్యాపారం నుంచి పాలిస్టర్ దారం, దాని నుంచి పెట్రోకెమికల్స్, అక్కణ్ణుంచి రిఫైనరీ దాకా రిలయన్స్ వెనక్కి వెనక్కి వెళ్లడం వర్టికల్.

చట్టం కూడా ఈ తేడా చూస్తుంది. 2002 నాటి కాంపిటీషన్ చట్టం 3వ సెక్షన్‌లో రెండు రకాల ఒప్పందాలున్నాయి. ఒకే సరుకు అమ్మే పోటీదారులంతా కూడబలుక్కుని ఒకే రేటు పెడితే అది హారిజాంటల్. దానివల్ల పోటీకి హాని జరుగుతుందనే చట్టం మొదటే భావిస్తుంది. కంపెనీకి, డీలరుకి మధ్య ఒప్పందం వర్టికల్. దానివల్ల నిజంగా హాని జరిగిందా లేదా అని విచారించి చూస్తారు.

పన్నులో, నిధుల్లో

ఆపా ఎకానమీ పుస్తకంలో ఇంకో జత. ఒకే ఆదాయం ఉన్న ఇద్దరు ఒకే పన్ను కట్టాలి, ఇది హారిజాంటల్ న్యాయం. ఎక్కువ ఆదాయం ఉన్నవాళ్లు ఎక్కువ రేటున కట్టాలి, ఇది వర్టికల్ న్యాయం. ఆదాయపు పన్నులో శ్లాబులు అందుకే.

ఆర్థిక సంఘం కూడా రెండు పంపకాలు చేస్తుంది. కేంద్రం వసూలు చేసిన పన్నుల్లో రాష్ట్రాలన్నిటికీ కలిపి ఎంత ఇవ్వాలనేది వర్టికల్ పంపకం. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి దీన్ని 41 శాతం అంది. ఆ 41 శాతాన్ని రాష్ట్రాల మధ్య ఎలా పంచాలనేది హారిజాంటల్. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతం, తెలంగాణ వాటా 2.102 శాతంగా వచ్చింది. తలసరి ఆదాయం తక్కువున్న రాష్ట్రానికి ఎక్కువ ఇవ్వాలనే కొలమానానికే 45 శాతం వెయిటేజీ ఇచ్చారు.

ఇక రిజర్వేషన్: పడుగు, పేక

తమ్ముడి అసలు ప్రశ్నకి వచ్చాం. మగ్గం మీద బట్ట చూసినవాళ్లకి ఇది సులువు. పొడుగునా సాగే దారాలు పడుగు. వాటిని అడ్డంగా దాటుతూ అల్లుకునేవి పేక. రెండూ కలిస్తేనే బట్ట.

పడుగు దారాల్లాంటివి ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఈడబ్ల్యూఎస్ రిజర్వేషన్లు. ఇవి వర్టికల్. ఒక్కొక్కటి విడి స్తంభం. ఒక మనిషి వీటిలో ఒక్కదానిలోనే ఉంటాడు. ఎస్సీ, బీసీ రెండూ కావడం కుదరదు. పేక దారాల్లాంటివి మహిళలు, వికలాంగులు, మాజీ సైనికులు, క్రీడాకారుల రిజర్వేషన్లు. ఇవి హారిజాంటల్. ఇవి ప్రతి స్తంభాన్నీ అడ్డంగా కోసుకుంటూ వెళ్తాయి. ఎస్సీలోనూ మహిళలుంటారు, బీసీలోనూ ఉంటారు, ఓపెన్‌లోనూ ఉంటారు.

ఊళ్లో సర్పంచ్ ఎన్నికలొస్తే 'జనరల్ మహిళ', 'బీసీ మహిళ', 'ఎస్సీ మహిళ' అని రిజర్వేషన్ ప్రకటిస్తారు కదా, అదే ఇది. మొదటి మాట నిలువు, రెండో మాట అడ్డం. చదువుకోని నానీమా కూడా ఈ మాటలు రోజూ వింటూనే ఉంటుంది, పేరు తెలియదంతే.

ఈ తేడాని సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది 1992 నవంబరు 16న, ఇంద్రా సాహ్నీ కేసులో. మండల్ కేసు అని అందరికీ తెలిసిందదే. తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనంలో ప్రధాన తీర్పు రాసింది తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. రాజ్యాంగం 16(4) కింద వెనుకబడిన తరగతులకి ఇచ్చేవి వర్టికల్ అని, వికలాంగులు లాంటి వారికి 16(1) కింద ఇచ్చేవి హారిజాంటల్ అని, ఈ రెండోవి మొదటివాటిని అడ్డంగా ఖండిస్తూ పోతాయని ఆ తీర్పు వివరించింది.

ముస్లింల రిజర్వేషన్ ఏ కోవలోది?

బయట చర్చల్లో 'ముస్లిం రిజర్వేషన్' అంటారు. కానీ ఏపీ, తెలంగాణల్లో మతం మొత్తానికి అడ్డంగా పోయే కోటా ఏదీ లేదు. ఉన్నది బీసీ అనే స్తంభంలో 'ఇ' అనే గది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం ద్వారా సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన 14 ముస్లిం వర్గాలకి 4 శాతం వచ్చింది. శేక్, ఖురేషీ, అత్తరు సాయిబులు, లబ్బీ, సిద్దీ లాంటి వర్గాలు అందులో ఉన్నాయి. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. అదే ఏడాది మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి, విషయాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది. ఆ ఉత్తర్వు మీదే ఈ కోటా నడుస్తోంది.

బీసీ స్తంభంలో గదులు ఇలా ఉన్నాయి: ఎ 7, బి 10, సి 1, డి 7, ఇ 4, మొత్తం 29 శాతం. మన వాళ్లంతా 'ఇ' గదిలోనే లేరు. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషాలు బీసీ-బి. మెహతర్ ముస్లింలు బీసీ-ఎ. సయ్యద్, పఠాన్, మొఘల్ తదితర పది వర్గాలని 2007 చట్టం బయట పెట్టింది. వాళ్లు ఓపెన్‌లో ఉంటారు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండి, మిగతా షరతులు సరిపోతే ఈడబ్ల్యూఎస్ 10 శాతానికి అర్హులు. 2019లో 103వ రాజ్యాంగ సవరణతో వచ్చిన ఈ కోటాని సుప్రీంకోర్టు 2022 నవంబరు 7న 3-2 మెజారిటీతో సమర్థించింది. ఇది కూడా వర్టికలే.

లెక్క ఎలా వేస్తారు?

ఆపా బీసీ-ఇ అనుకుందాం. 300 పోస్టులు పడ్డాయి. 4 శాతం లెక్కన బీసీ-ఇకి 12. మహిళలకి మూడో వంతు, అంటే ఆ 12లో 4.

ముందు నిలువు లెక్క. బీసీ-ఇ అభ్యర్థి ఎవరైనా ఓపెన్ మెరిట్‌లోనే ఎంపికైతే వాళ్లని ఈ 12లో కలపరు. వాళ్లు పైన, 12 అలాగే ఉంటాయి. ఓపెన్ అంటే ఎవరి సొంత కోటా కాదు, అందరూ పరిగెత్తే మైదానం.

తర్వాత అడ్డం లెక్క. 2007లో రాజస్థాన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్‌కి సంబంధించిన రాజేష్ కుమార్ డారియా కేసులో సుప్రీంకోర్టు దీని పద్ధతి చెప్పింది. బీసీ-ఇలో మెరిట్ ప్రకారం మొదటి 12 మందిని తీయాలి. వాళ్లలో మహిళలు 4 ఉంటే పని అయిపోయింది. 6 ఉన్నా ఎవర్నీ తీయరు, అందరూ ఉంటారు. ఇద్దరే ఉంటే, జాబితాలో ఆ తర్వాత ఉన్న ఇద్దరు మహిళల్ని పైకి తెస్తారు. 12లో చివరి ఇద్దరు మగ అభ్యర్థులు బయటికి వెళ్తారు. అంటే మహిళా కోటా ఒక కనీస హామీ. మెరిట్‌లో వచ్చిన మహిళల్ని కూడా ఆ హామీలోనే లెక్కిస్తారు. నిలువు కోటాకీ, అడ్డం కోటాకీ అసలు తేడా ఇదే.

ఇంతకు ముందు తెలుగు రాష్ట్రాల్లో పద్ధతి వేరుగా ఉండేది. రోస్టర్‌లో కొన్ని నంబర్లు మహిళలకని ముందే కేటాయించేవారు. మన లెక్కలో 4 మహిళలకి పక్కన పెట్టి, మిగతా 8కి అందరూ పోటీ పడేవారు. ఆ 8లో మెరిట్ మీద ముగ్గురు మహిళలు వచ్చారనుకోండి, ఆ 4తో కలిపి ఏడుగురు. కొత్త పద్ధతిలో అదే జాబితా నుంచి మొదటి 12 తీస్తే, అందులో మహిళలు నలుగురే ఉంటే నలుగురితోనే ఆగిపోతుంది. ఆపా మహిళల్లో అయిదో ర్యాంకు అయితే పాత లెక్కలో ఉద్యోగం ఉంది, కొత్త లెక్కలో లేదు. అటుపక్క, పాత లెక్కలో పోగొట్టుకున్న అబ్బాయికి కొత్త లెక్కలో వస్తుంది. ఏపీ ప్రభుత్వం 2023లో, తెలంగాణ ప్రభుత్వం 2024లో జీవోలిచ్చి హారిజాంటల్ పద్ధతికి మారాయి. ఈ మార్పు చుట్టూ కోర్టు కేసులు, ధర్నాలు ఎందుకు జరిగాయో ఈ చిన్న లెక్కలోనే ఉంది.

ఇంకో సంగతి ఆపాకి కలిసొచ్చేది. ఓపెన్‌లో కూడా మహిళలకి మూడో వంతు ఉంటుంది. 'ఓసీ మహిళ' పోస్టు ఓసీ కులాల మహిళలకే అని చాలామంది అనుకుంటారు. అది తప్పు. ఉత్తరప్రదేశ్ కానిస్టేబుళ్ల నియామకాల మీద వచ్చిన సౌరవ్ యాదవ్ కేసులో 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. మార్కులుంటే ఓపెన్ మహిళా పోస్టు ఎస్సీ, ఎస్టీ, బీసీ మహిళలకీ దక్కుతుంది. కాబట్టి ఆపాకి ఓపెన్, ఓపెన్ మహిళ, బీసీ-ఇ, బీసీ-ఇ మహిళ అని నాలుగు తలుపులున్నాయి. ఒక్కటే తలుపు ఉందని ఇంట్లో కూర్చోబెట్టడం అన్యాయం. వయసు సడలింపు లాంటి రాయితీ వాడుకున్నవాళ్లని ఓపెన్‌లో తీసుకుంటారో లేదో మాత్రం ఆ నోటిఫికేషన్ నిబంధనల్లోనే చూసుకోవాలి.

ఇళ్లల్లో చూసుకోవాల్సినవి

మొదటిది, సర్టిఫికెట్. బీసీ-ఇనా, బీసీ-బినా, ఈడబ్ల్యూఎస్సా అన్నది దరఖాస్తు నింపే రోజు కాకుండా ముందే తేల్చుకోవాలి. ఇంటి పేరులో 'షేక్' ఉంది కదా అని ఊరుకుంటే కుదరదు, తహసీల్దార్ ఇచ్చిన కాగితంలో ఏముందో అదే లెక్క. అన్నకి ఒకటి, చెల్లికి ఒకటి వేరువేరుగా ఉంటే తర్వాత పరిశీలనలో ఇబ్బంది వస్తుంది.

రెండోది, రాష్ట్రం, కేంద్రం తేడా. బీసీ-ఎ, బి, సి, డి, ఇ అనే గదులు రాష్ట్రానివి. కేంద్ర ఉద్యోగాలకి, కేంద్ర విద్యాసంస్థలకి ఓబీసీ జాబితా వేరు, సర్టిఫికెట్ నమూనా వేరు. మన వర్గం అందులో ఉందో లేదో విడిగా చూసుకోవాలి.

మూడోది, అడ్డం కోటా గడిని ఖాళీ వదలొద్దు. వైకల్యం ఉన్న బిడ్డ విషయంలో చాలా కుటుంబాలు నలుగురిలో చెప్పుకోడానికి మొహమాటపడి ఆ గడి నింపరు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతానికి, ఉన్నత విద్యలో 5 శాతానికి తగ్గకుండా వాళ్లకి ఇవ్వాలి. అది వాళ్ల హక్కు. బీసీ-ఇ అని రాశాం కదా, రెండూ రాయకూడదేమో అని అనుమానం అక్కర్లేదు. నిలువు ఒకటే రాయాలి గానీ, అడ్డం దానికి తోడుగా ఉంటుంది.

ఇప్పుడు తమ్ముడికి జవాబు చెప్పొచ్చు. మేస్త్రీకి నిలువు అంటే గుండు లాగే దిక్కు. గ్రాఫులో అది ఒప్పందం. జువాలజీలో తరం, అకౌంట్స్‌లో ఒకే ఏడాది, వ్యాపారంలో సరుకు దారి, రిజర్వేషన్‌లో సామాజిక వర్గం. కాబట్టి ఎక్కడ ఈ మాటలు కనబడినా ముందు ఇక్కడ స్తంభం ఏది, దాన్ని దాటే గీత ఏది అని అడగాలి. అది తెలిశాకే లెక్క మొదలుపెట్టాలి.

ఆపా ఆ రాత్రి పుస్తకం మూసి, బీరువాలోంచి తన కుల ధ్రువీకరణ పత్రం తీసి చూసుకుంటే మంచిది. దరఖాస్తుకి చివరి తేదీ రోజు మీసేవ దగ్గర క్యూ ఎంత పొడుగుంటుందో అబ్బాకి బాగా తెలుసు.